ఆడుకోవాలంటే ఈ టర్ఫ్‌కి రండి, ఆధిక్యం కాపాడుకోవాలంటే మాత్రం వద్దు

ఈ ఫుట్‌బాల్ టర్ఫ్ (గంటల లెక్కన అద్దెకిచ్చే ప్లాస్టిక్ గడ్డి గ్రౌండ్) గురించి మా టీమ్‌లో వాళ్ళు రాసింది నమ్మకండి, మమ్మల్ని ఓడించిన వాళ్ళు రాసింది కూడా నమ్మకండి. మా గోలీ, అంటే గోల్‌కీపర్, ఒక్క స్టార్ ఇచ్చి "చెత్త గ్రౌండ్, డబ్బులు దండగ" అని రాశాడు. అదే రాత్రి మమ్మల్ని ఓడించిన ఎదురు అపార్ట్‌మెంట్ టవర్లవాళ్ళలో ఇద్దరు ఐదేసి స్టార్లు ఇచ్చి "సూపర్ టర్ఫ్, సూపర్ లైటింగ్" అని రాశారు. అందరూ ఆడింది ఒకే గంట, ఒకే లైట్ల కింద. 4-1తో గెలుస్తున్న మ్యాచ్ 5-4తో ఓడిపోతే ఎవరికైనా మండుతుంది, కాదనను, కానీ గ్రౌండ్ తప్పు ఎంత, మావాళ్ళ తప్పు ఎంత అన్నది ఎవరో ఒకరు విడదీసి చెప్పాలి కదా. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నా.

టర్ఫ్ ఉన్నది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డు పక్కన, నార్సింగి దాటాక. పేరు ఎందుకులెండి, ఆ వైపు టర్ఫ్‌లు దాదాపు అన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఇది చదివి వేరేదానికి వెళ్ళినా మీకు పనికొస్తుంది. శని, ఆదివారాలు సాయంత్రం ఆరు దాటితే గంటకి 1,800. మామూలు రోజుల్లో మధ్యాహ్నం సగం రేటుకే ఇస్తారు, కానీ మధ్యాహ్నం ఎవడొస్తాడు, ఉద్యోగాలున్నవాళ్ళం. యాప్‌లో 500 అడ్వాన్స్ కట్టాలి, అది తిరిగి రాదు, కాకపోతే పొద్దున్నే చెప్తే స్లాట్ మార్చుకోనిస్తారు. సెవెన్స్ (జట్టుకి ఏడుగురు) ఆడితే పద్నాలుగు మంది పంచుకుంటారు కాబట్టి తలకి నూట ముప్పై దాకా పడుతుంది, బిర్యానీ కన్నా చవకే. మాకు మాత్రం అలా పడలేదు. ఎదురు టవర్లవాళ్ళతో ఎప్పుడు ఆడినా ఓడినవాళ్ళే స్లాట్ డబ్బులు మొత్తం కట్టాలని పందెం. మేం తొమ్మిది మందిమి వెళ్ళాం, తలకి రెండొందలు వదిలింది. చాయ్ కూడా మేమే.

గడ్డి విషయం ముందు చెప్తా, ఎందుకంటే అది బాగుంది. ప్లాస్టిక్ గడ్డి, దాని మొదట్లో ఇసుక, పైన నల్ల రబ్బరు పొడి. ఈ పొడి సరిపడా ఉంటేనే గడ్డి పోచలు నిలబడతాయి, పడ్డప్పుడు దెబ్బ తక్కువ తగులుతుంది, బంతి మరీ జారిపోకుండా ఉంటుంది. చాలా టర్ఫ్‌లలో రెండేళ్ళు తిరిగేసరికి పొడి అంతా మూలలకి చేరి మధ్యలో గచ్చు మీద ఆడినట్టు అయిపోతుంది. ఇక్కడ రోజూ పొద్దున బ్రష్ కొడతారని కేర్‌టేకర్ అన్న చెప్పాడు, చూస్తే నిజమే అనిపించింది. గేటు వైపు గోల్ ముందు ఒక అతుకు కొంచెం లేచింది, బొటనవేలు తగులుతుంది, జాగ్రత్త. స్లైడింగ్ చేస్తే మోకాలు కాలుతుంది, ఏ టర్ఫ్ మీదైనా అంతే. ఇంటికెళ్ళాక బూట్లలోంచి, సాక్సుల్లోంచి, ఒక్కోసారి చెవుల్లోంచి కూడా ఆ నల్ల పొడి రాలుతూనే ఉంటుంది, గుమ్మం బయటే దులుపుకోండి, లేకపోతే ఇంట్లో ఇంకో మ్యాచ్ ఓడాల్సి వస్తుంది. ఈ రబ్బరు పొడిని మైక్రోప్లాస్టిక్ కింద లెక్కగట్టి యూరోపియన్ యూనియన్ 2023లోనే నిషేధం తెచ్చింది, గ్రౌండ్లకి మాత్రం 2031 దాకా గడువు ఇచ్చింది. అక్కడ కొబ్బరి పీచు, బెండు పొట్టులాంటివి వాడడం మొదలుపెట్టారు. మన దగ్గర దాని ఊసే లేదు. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఆడాక చేతులు కడిగించండి, అంతకన్నా నేను చెప్పగలిగింది లేదు.

అడుగున పొడుగు మేకుల్లాంటి స్టడ్స్ ఉన్న బూట్లు ఇక్కడ రానివ్వరు. గేటు దగ్గరే కేర్‌టేకర్ అన్న బూటు తిప్పి చూపించమంటాడు. ఇది మంచి పద్ధతే. కింద చిన్న చిన్న రబ్బరు బుడిపెలున్న టర్ఫ్ షూ అయితేనే పట్టు బాగుంటుంది, గడ్డి కూడా చిరగదు. మా లెఫ్ట్ బ్యాక్‌కి ఈ సంగతి చెప్పినా వినలేదు, కొత్తగా కొన్న స్టడ్స్ చూపించుకోవాలని వేసుకొచ్చాడు, గేటు దగ్గర విప్పించారు, చివరికి ఎవరి కారు డిక్కీలోనో ఉన్న అరిగిపోయిన జాగింగ్ బూట్లు తొడుక్కుని దిగాడు. ఈ బూట్లని గుర్తుపెట్టుకోండి, తర్వాత వీటితో పని ఉంది.

బంతి వాళ్ళే ఇస్తారు, ఫ్రీ. వద్దు, మీ బంతి మీరు తెచ్చుకోండి. వాళ్ళిచ్చేది 5 సైజు, రాయిలా ఉండేంత గాలి కొట్టి ఉంచుతారు. రూల్ ప్రకారం గాలి ఒత్తిడి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ దాకా ఉండొచ్చు, చిన్న గ్రౌండ్‌కి ఆ కింది అంకె దగ్గర ఉంటే చాలు. ఫుట్‌సాల్ (ఇండోర్‌లో ఐదుగురేసి ఆడే చిన్న ఫుట్‌బాల్) బంతి అయితే 4 సైజు, రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే 65 సెంటీమీటర్ల కన్నా పైకి లేవకూడదని నిబంధన, కానీ అది చెక్క ఫ్లోర్ కోసం చేసింది, ఈ గడ్డిలో చచ్చినట్టు పడుంటుంది. కాబట్టి 5 సైజే, కాస్త గాలి తీసి.

ఇప్పుడు అసలు విషయం, నెట్.

చుట్టూ నెట్, పైన నెట్. బాక్స్ టర్ఫ్ అంటారు కదా, సరిగ్గా పెట్టెలో పడేసినట్టే. బంతి బయటికి పోదు, పక్కవాళ్ళ కారు అద్దం పగలదు, రోడ్డు మీదికి పరిగెత్తే పని లేదు. కడుతున్న గంటలో ఒక్క నిమిషం వృథా కాదని అందరూ మెచ్చుకునేది దీన్నే, యాజమాన్యం కూడా బోర్డు మీద గొప్పగా రాసుకుంది. గెలుస్తున్న టీమ్‌కి మాత్రం అంతకన్నా నరకం లేదు. చిన్నప్పుడు స్కూల్ గ్రౌండ్‌లో ఆడినప్పుడు లీడ్‌లో ఉంటే ఏం చేసేవాళ్ళం? బంతిని బలంగా బయటికి తన్నేవాళ్ళం. అది వెళ్ళి తుమ్మచెట్ల వెనకాల పడేది, లేకపోతే ఎవరింటి గోడ అవతలో, తెచ్చేసరికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఊపిరి పీల్చుకుని, ఎవడు ఎవణ్ణి పట్టుకోవాలో అరుచుకుని, మళ్ళీ నిలబడేవాళ్ళం. ఇక్కడ ఎంత బలంగా తన్నితే అంత వేగంగా నెట్‌కి తగిలి మళ్ళీ మన కాళ్ళ దగ్గరికే, కాదు, ఎదుటివాడి కాళ్ళ దగ్గరికే వచ్చేస్తుంది. డిఫెన్స్‌లో ఉన్న నలుగురికి ఊపిరాడదు. అసలు ఫుట్‌బాల్‌లో త్రో-ఇన్, గోల్ కిక్ అనేవి బంతిని మళ్ళీ ఆటలోకి తేవడానికి మాత్రమే అనుకుంటాం, అలిసిపోయిన టీమ్‌కి అవి మంచినీళ్ళతో సమానమని బాక్స్ టర్ఫ్‌లో ఆడితే తెలుస్తుంది.

పోనీ గోలీకి వెనక్కిచ్చి కాస్త టైమ్ గడుపుదామా అంటే అదీ కుదరదు. మ్యాచ్‌కి ముందే వాళ్ళ కెప్టెన్ వచ్చి "బ్యాక్ పాస్ చేత్తో పట్టొద్దు భాయ్, ఓకేనా" అన్నాడు, మావాడు పెద్ద ప్రొఫెషనల్‌లా తలూపాడు. ఆ రూల్ 1992లో తెచ్చిందే ఇలా వెనక్కిచ్చి, చేత్తో పట్టుకుని టైమ్ తినేసే టీమ్‌ల కోసం. ఇప్పుడైతే పెద్ద మ్యాచ్‌లలో గోలీ ఎనిమిది సెకన్లకి మించి బంతి చేతిలో పెట్టుకుంటే అవతలివాళ్ళకి కార్నర్ ఇచ్చేస్తున్నారు. అంటే ప్రపంచం మొత్తం ఆధిక్యంలో ఉన్నవాడి మీదే కక్ష కట్టింది, ఈ టర్ఫ్ ఇంకో అడుగు ముందుకేసిందంతే.

మ్యాచ్ ఎలా పోయిందో చెప్తా, ఎందుకంటే ప్రతి గోల్ వెనకా గ్రౌండ్‌కి సంబంధించిన సంగతి ఒకటి ఉంది.

ఫస్టాఫ్‌లో మేం నిజంగా బాగా ఆడాం. 3-1. ఎదురు టవర్లవాళ్ళతో ఎన్నేళ్ళుగానో ఆడుతున్నాం, వాళ్ళకి మా గుట్టంతా తెలుసు, మా గోలీ తన ఎడమవైపు డైవ్ చెయ్యడని, మా కెప్టెన్‌కి కుడికాలు తప్ప ఇంకో కాలు లేదని. మాకూ వాళ్ళ గురించి తెలుసు. వాళ్ళలో ఒక అంకుల్ ఉన్నాడు, నలభై దాటి చాలాకాలమైంది, మోకాలికి పట్టీ, పరిగెత్తడు, మా గోల్‌పోస్ట్ పక్కన నిలబడి మా గోలీతో పిల్లల స్కూల్ ఫీజుల గురించి మాట్లాడుతూ ఉంటాడు. ఇలాంటి చిన్న గ్రౌండ్ ఆటలో ఆఫ్‌సైడ్ (డిఫెండర్లని దాటి గోల్ దగ్గర కాచుకోవద్దనే రూల్) ఉండదు కదా, ఆయన అక్కడే కాపురం పెట్టొచ్చు. వాళ్ళ మొదటి గోల్ ఆయనదే. సెకండాఫ్ మొదట్లోనే మా స్ట్రైకర్ ఇంకోటి కొట్టాడు, 4-1.

సరిగ్గా అక్కడ మా కెప్టెన్ "చాల్లే మామా, నువ్వు కాసేపు కూర్చో" అని ఆ స్ట్రైకర్‌నే బయటికి పిలిచాడు. ఎందుకంటే బయట ఇద్దరు కూర్చుని ఉన్నారు, వాళ్ళు కూడా డబ్బులు పెట్టుకుని వచ్చినవాళ్ళే, వాళ్ళనీ ఆడించాలి. అమెచ్యూర్ టీమ్ అంటే ఇంతే. కోచ్ ఉండడు, ఎవణ్ణీ కూర్చోబెట్టే అధికారం ఎవడికీ ఉండదు, ఆడటం రానివాణ్ణి దింపడానికి అందరికీ మనసొప్పే ఒకే ఒక్క సమయం మనం గెలుస్తున్నప్పుడు. కాబట్టి ఆధిక్యం వచ్చిన వెంటనే మన టీమ్ బలహీనపడుతుంది, ఓడుతున్నవాళ్ళేమో పట్టుదలగా తమ బెస్ట్ టీమ్‌ని లోపలే ఉంచుతారు. దీన్ని గ్రౌండ్ ఖాతాలో వెయ్యలేం.

రెండో గోల్ మాత్రం పై నెట్‌ది. పైన నెట్ మరీ కిందికి ఉంది, మధ్యలో ఇంకా వేలాడుతోంది కూడా. మా గోలీ బంతిని ఎత్తుగా తన్నాడు, అది పై నెట్‌కి తగిలి నిలువునా కింద పడింది, పడింది ఎక్కడ, అంకుల్ ముందు. ఆయన మాట మధ్యలో ఆపి కాలు పెట్టాడు, 4-2. ఫుట్‌సాల్ రూల్స్‌లో బంతి పైకప్పుకి తగిలితే ఆట ఆపి అవతలి టీమ్‌కి పక్క గీత దగ్గర నుంచి కిక్-ఇన్ ఇస్తారు. ఈ టర్ఫ్ బోర్డు మీద ఉమ్మెయ్యొద్దు, సిగరెట్ తాగొద్దు, బబుల్ గమ్ వద్దు, విలువైన వస్తువులకు మా బాధ్యత లేదు అని ఇరవై రూల్స్ రాశారు కానీ పై నెట్ గురించి ఒక్క ముక్క లేదు. అడిగితే కేర్‌టేకర్ అన్న "అది మీరు మీరు మాట్లాడుకోవాలన్నా" అన్నాడు. మేం ముందు మాట్లాడుకోలేదు, వాళ్ళు గోల్ అన్నారు, అయిపోయింది. మీరు వెళ్తే టాస్ కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

మూడోది లైట్ గోల్. నాలుగు వైపులా ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు, చూడ్డానికి పట్టపగల్లా ఉంటుంది, ఫొటోలు కూడా బాగా వస్తాయి. కానీ పార్కింగ్ వైపు మూల ఒక లైటు వెలగడం లేదు, ఎదురుగా ఉన్నదేమో గోలీ కళ్ళల్లోకి నేరుగా కొడుతుంది. ఆ మూల చీకట్లో వాళ్ళ ఎడమకాలి కుర్రాడు ఉన్నాడని మా గోలీకి బంతి కొట్టాక తెలిసింది. అదీ ఎడమవైపు. 4-3. ఫస్టాఫ్‌లో వాళ్ళ గోలీ అదే వైపు ఉన్నాడు, మేం ఆ మూల నుంచి ఒక్క షాట్ కూడా కొట్టలేదు, వాళ్ళు మాత్రం హాఫ్ టైమ్‌లో ఆ మూలకెళ్ళి నిలబడి చూసుకున్నారు. లైటు పోవడం యాజమాన్యం తప్పే, వాడుకోవడం వాళ్ళ తెలివి.

హాఫ్ టైమ్ అంటే గుర్తొచ్చింది, మంచినీళ్ళు. ఇరవై లీటర్ల క్యాన్ ఒక్కటే, ముందు స్లాట్ వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళారు. ఇంకో క్యాన్ కోసం ఫోన్ చేశారు, అది వచ్చేసరికి మా మ్యాచ్ అయిపోయింది. గంటకి 1,800 తీసుకుని నీళ్ళు లేవంటే మాత్రం నేను ఊరుకోను, దీనికి మార్కులు కోస్తున్నా. ఎండాకాలంలో ఇది చిన్న విషయం కాదు, ప్లాస్టిక్ గడ్డి పగలంతా ఎండకి కాగి గాలి కన్నా చాలా వేడెక్కుతుంది, ఎండ ఉన్నంతసేపూ కింది నుంచి సెగ కొడుతూనే ఉంటుంది.

నాలుగో గోల్ మీద పెద్ద గొడవ. మా లెఫ్ట్ బ్యాక్, ఆ జాగింగ్ బూట్లతో, వెనక్కి తిరగబోయి జారి కూర్చున్నాడు. బంతి అంకుల్‌కి దొరికింది. ఆయన తన్నింది పోస్ట్ లోపలి అంచుకి తగిలి మళ్ళీ బయటికి వచ్చింది. గీత దాటిందని వాళ్ళు, లేదని మేం. రిఫరీ లేడు, మూడొందలు ఇస్తే పెడతామని టర్ఫ్ వాళ్ళు అన్నారు, మూడొందలు ఎందుకు దండగ అని మేమే వద్దన్నాం. ఐదు నిమిషాలు అరుచుకున్నాక కేర్‌టేకర్ అన్న మెల్లగా వచ్చి, "అన్నా, ఆ గోల్ వెనకాల కెమెరా ఉంది, క్లిప్ నూట యాభై" అన్నాడు. కోపంలో మా కెప్టెన్ వెంటనే క్యూఆర్ స్కాన్ చేశాడు. ఫోన్‌లో అందరం తలలు దూర్చి చూశాం. బంతి గీత దాటి ఇంత లోపల ఉంది. 4-4. మేమే డబ్బులిచ్చి మా మీద సాక్ష్యం కొనుక్కున్నామన్నమాట. కెమెరా క్వాలిటీ చాలా బాగుంది, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కాకపోతే అది ఒక వైపే ఉంది, కాబట్టి ఫస్టాఫ్‌లో ఆ వైపు వాళ్ళ గోల్‌లో మేం కొట్టిన మూడూ రికార్డయ్యాయి, సెకండాఫ్‌లో వాళ్ళు కొట్టినవీ రికార్డయ్యాయి, సెకండాఫ్‌లో అవతలి వైపు మా స్ట్రైకర్ కొట్టిన హాఫ్ వాలీ (బంతి నేలకి తగిలి లేస్తుండగానే తన్నడం), మొత్తం మ్యాచ్‌లో చూడదగ్గ గోల్ అదొక్కటే, అది మాత్రం ఎక్కడా లేదు.

ఈ ఐదు నిమిషాల గొడవకి కూడా గడియారం ఆగలేదు. అదే ఫుట్‌సాల్ అయితే బంతి ఆగితే గడియారం ఆగుతుంది, పైగా ప్రతి టీమ్‌కి హాఫ్‌కి ఒక నిమిషం టైమౌట్ ఉంటుంది. 4-2 దగ్గర మేం ఒక్క నిమిషం ఆపి మా స్ట్రైకర్‌ని మళ్ళీ దింపి, అంకుల్ మీద ఒకణ్ణి పెట్టి ఉంటే కథ వేరేగా ఉండేది. స్లాట్ ఆటలో టైమౌట్ అడగడానికి అందరికీ మొహమాటం, నిమిషానికి ముప్పై రూపాయలు పోతున్నాయని.

ఇంక చివరిది. మా స్లాట్ తొమ్మిదికి అయిపోతుంది, దానికి ఐదు నిమిషాలుండగా విజిల్ ఊదుతారు, అది ఇక్కడి పద్ధతి. అప్పటికే తర్వాత స్లాట్ వాళ్ళు గేటు దగ్గర బంతి ఎగరేసుకుంటూ మనకేసి చూస్తుంటారు. వాళ్ళ కెప్టెన్ "లాస్ట్ గోల్ విన్నర్, ఓకేనా?" అన్నాడు. ఇది వద్దనొచ్చు. 4-4 డ్రా అని చెప్పి సగం సగం డబ్బులు కట్టి ఇంటికెళ్ళొచ్చు. కానీ 4-1 నుంచి 4-4కి వచ్చినవాడి బుర్ర అలా పనిచెయ్యదు, ఇందాకటిదాకా గెలుస్తున్నాం కాబట్టి డ్రా అయినా ఓటమిలాగే కనిపిస్తుంది, వాళ్ళకేమో డ్రా కూడా గెలుపే కాబట్టి భయం లేదు. మావాడు ఓకే అన్నాడు. మా స్ట్రైకర్ మళ్ళీ దిగాడు, దిగీ దిగగానే కొట్టాడు, పోస్ట్‌కి తగిలింది, పోస్ట్ నుంచి పక్క నెట్‌కి, నెట్ నుంచి వాళ్ళ ఎడమకాలి కుర్రాడికి. మేం అందరం ముందుకెళ్ళిపోయి ఉన్నాం. మిగిలింది చెప్పక్కర్లేదు.

చాయ్ దగ్గర మా గోలీ గ్రౌండ్‌ని తిడుతుంటే అంకుల్ నవ్వుతూ "అరే బాబూ, రహీం సాబ్ టీమ్‌కే తప్పలేదు, మీదెంత" అన్నాడు. మాలో సగం మందికి రహీం సాబ్ ఎవరో తెలీదు, అది వేరే విచారం. సయ్యద్ అబ్దుల్ రహీం, మన హైదరాబాదే, ఇక్కడి సిటీ పోలీస్ టీమ్‌ని 1950 నుంచి వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ (బొంబాయిలో జరిగిన పాత ఫుట్‌బాల్ టోర్నీ) గెలిపించినాయన, ఇండియా కోచ్ కూడా. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో యుగోస్లావియా మీద నెవిల్ డిసౌజా గోల్‌తో మనమే 1-0 ముందున్నాం, చివరికి 4-1తో పోయింది. 1960 రోమ్‌లో ఫ్రాన్స్ మీద పీకే బెనర్జీ గోల్‌తో మళ్ళీ ముందున్నాం, ఎనిమిది నిమిషాలో ఎన్నో ఉందనగా సమం చేశారు, 1-1. రెండేళ్ళకి జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-0 ముందున్నప్పుడు కూడా చివర్లో ఒకటి ఇచ్చారు, కానీ అక్కడితో ఆపారు, 2-1, గోల్డ్. ఆ టీమ్‌లో గోల్‌లో నిలబడ్డ పీటర్ తంగరాజ్ పుట్టింది హైదరాబాద్‌లో, ఫార్వర్డ్‌గా ఆడిన తులసీదాస్ బలరాం మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. అంకుల్ ఇదంతా గడగడా చెప్తుంటే మాకు ఓటమి కాసేపు మర్చిపోయినట్టయింది, తర్వాత బిల్లు వచ్చింది.

మిగతా విషయాలు త్వరగా చెప్పేస్తా. పార్కింగ్ పది కార్ల దాకా పడుతుంది, శనివారం రాత్రి చాలదు, బండి మీద వెళ్ళడం మేలు. వాష్‌రూమ్ ఒకటే, శుభ్రంగానే ఉంది, గడియ మాత్రం సరిగ్గా పడదు. టీమ్ తెలిసేలా పైన తొడుక్కునే బిబ్స్ ఇస్తారు, ఉతికి ఎన్నాళ్ళయిందో దేవుడికే తెలియాలి, రెండు రంగుల టీషర్టులు మీరే అనుకుని వెళ్ళండి. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో స్ప్రే ఉంది, బ్యాండేజ్ లేదు. కేర్‌టేకర్ అన్న మంచివాడు, ముందు స్లాట్ వాళ్ళు నాలుగు నిమిషాలు ఆలస్యంగా ఖాళీ చేస్తే ఆ నాలుగు నిమిషాలూ మాకు చివర్లో ఇవ్వబోయాడు, ఆ టైమ్‌కి మాకు అక్కడ నిలబడాలని లేదు.

సెవెన్స్‌కి గ్రౌండ్ కొంచెం ఇరుకు, యాప్‌లో సెవెన్స్ అని రాసినా నిజానికి సిక్స్ ఎ సైడ్‌కి సరిపోతుంది. ఫైవ్స్ ఆడితే మాత్రం గంట నిలబడలేరు, ముగ్గురు నలుగురు సబ్స్ ఉండాల్సిందే.

నా లెక్క ప్రకారం ఐదుకి మూడున్నర. గడ్డికి, కెమెరాకి, కేర్‌టేకర్‌కి మార్కులు. నీళ్ళకి ఒకటి కోశాను, ఆ మూల లైటుకీ వేలాడే పై నెట్‌కీ కలిపి అర. మేం ఓడిపోయినందుకు ఏమీ కొయ్యలేదు. మా గోలీకి ఇది నచ్చదని తెలుసు, కానీ ఆ వెలగని లైటు వాళ్ళ గోలీ మీద కూడా అర్ధగంట వెలగలేదు.

యాజమాన్యం ఇది చదువుతుంటే మూడు పనులు చెయ్యండి. రెండో క్యాన్ పెట్టండి, లైటు మార్చండి, బోర్డు మీద బబుల్ గమ్ కింద పై నెట్ రూల్ ఒక లైన్ రాయించండి. అవతలి గోల్‌పోస్ట్ వెనకాల కూడా కెమెరా పెడితే మా స్ట్రైకర్ ఎంతైనా ఇస్తాడు. బుక్ చేసుకునేవాళ్ళు ఆదివారం పొద్దున ఆరు గంటల స్లాట్ చూడండి, గడ్డి చల్లగా ఉంటుంది, లైట్లతో పని లేదు, రేటు కూడా తక్కువ, గేటు దగ్గర ఎదురుచూసేవాళ్ళు ఉండరు కాబట్టి పది నిమిషాలు ఎక్కువ ఆడినా ఎవరూ విజిల్ ఊదరు. ఎదురు టవర్లవాళ్ళు ఆ టైమ్‌కి లేవరు.